కొత్త టైరు ఒక్క వైపే ఒరుసుకుంటుంటే: నా అనుభవం

నా కారుకు నాలుగు టైర్లూ మార్పించిన తరువాత, నెమ్మదిగా వెళ్తూ స్టీరింగును కుడివైపు చివరిదాకా తిప్పితే ముందు ఎడమ చక్రం దగ్గర బరబరమని ఒరుసుకునే శబ్దం రావడం మొదలైంది. ఎడమవైపు తిప్పితే ఏమీ లేదు. తిన్నగా వెళ్తున్నప్పుడూ లేదు. కుడి మలుపులో బ్రేకు మీద కాలు పెడితే మాత్రం అది స్పష్టంగా పెరిగేది. ఈ చివరి లక్షణమే తరువాత అసలు కారణాన్ని పట్టించింది కాబట్టి దానిని ముందుగానే చెబుతున్నాను. శబ్దం వస్తున్నదని చెప్పడం ఒక్కటే చాలదు. ఏ వైపు తిప్పితే వస్తున్నది, ఎంత తిప్పితే వస్తున్నది, బ్రేకు వేస్తే మారుతున్నదా, వెనుక సీట్లో మనుషులు కూర్చుంటే మారుతున్నదా అన్న వివరాలను ఎవరికైనా చూపించే ముందే కాగితం మీద రాసి పెట్టుకోవడం ఎంతో మేలు చేస్తుంది.

టైర్లు వేసిన చోటికి తిరిగి వెళ్లి చూపించినప్పుడు రెండు సలహాలు వచ్చాయి. ఒకరు, "కొత్త టైరు కదండీ, కొన్నాళ్లు తిరిగితే అదే సర్దుకుంటుంది" అన్నారు. మరొకరు చక్రం వెనుక ఉన్న నల్లటి ప్లాస్టిక్ లైనరును చేత్తో తట్టి చూసి, తగులుతున్న అంచును కత్తితో కోసేస్తే పని అయిపోతుందన్నారు. సర్దుకోవడమంటే టైరైనా అరగాలి, లైనరైనా అరగాలి. ఆ రెండూ నాకు సమ్మతం కాలేదు. కోయడం గురించి నాకు కలిగిన సందేహం ఇంకా గట్టిది. నాలుగు టైర్లదీ ఒకే కొలత, ఒకే నమూనా. కారు ఎడమ, కుడి భాగాలు ఒకే కొలతతో తయారవుతాయి. టైరే పెద్దదై ఉంటే స్టీరింగును ఎడమవైపు తిప్పినప్పుడు కుడి చక్రం కూడా అదే విధంగా తగలాలి. ఒక్క వైపే తగులుతున్నదంటే ఆ వైపు ఏదో మారి ఉండాలి. అదేమిటో తెలియకుండా ప్లాస్టిక్కును కోస్తే శబ్దం పోతుంది కానీ మారినది మారినట్టే ఉండిపోతుంది.

అయినా టైరు కొలతను సరిచూడకుండా ముందుకు పోకూడదని, డ్రైవరు తలుపు పక్కన అతికించి ఉండే పట్టికతో టైరు మీది అంకెలను పోల్చి చూశాను. రెండింటిలోనూ 185/65 ఆర్15 అనే ఉంది. ఇందులో 185 అనేది టైరు వెడల్పు మిల్లీమీటర్లలో, 65 అనేది ఆ వెడల్పులో పక్కగోడ ఎత్తు ఎంత శాతమో చెప్పే అంకె, ఆర్ అంటే రేడియల్ రకం, 15 అనేది రిమ్ము వ్యాసం అంగుళాల్లో. పక్కగోడ ఎత్తు 120.25 మిల్లీమీటర్లు, రిమ్ము 381 మిల్లీమీటర్లు కాబట్టి మొత్తం వ్యాసం 621.5 మిల్లీమీటర్లు అవుతుంది. దాని బదులు చాలామంది ఇష్టపడే 195/65 ఆర్15 వేసి ఉంటే వ్యాసం 634.5 మిల్లీమీటర్లకు పెరిగేది. అంటే చక్రం చుట్టూ 6.5 మిల్లీమీటర్లు, ఇరుపక్కలా చెరో 5 మిల్లీమీటర్లు ఖాళీ తగ్గేది. స్పీడోమీటరు కూడా ముందున్న దానికంటే సుమారు 2 శాతం తక్కువ చూపేది. పెద్ద కొలత టైరు వేయించుకున్న తరువాత ఒరుసుకోవడం మొదలైతే వెతకవలసిన మొదటి చోటు ఈ లెక్కే. నా విషయంలో అది కాదని తేలింది.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఒకే కొలత ముద్రించి ఉన్నంత మాత్రాన రెండు కంపెనీల టైర్లు అచ్చంగా ఒకే పరిమాణంలో ఉండవు. ఐక్యరాజ్యసమితి ఐరోపా ఆర్థిక సంఘం వారి 30వ నిబంధన ప్రకారం రేడియల్ టైరు అసలు వెడల్పు, లెక్క ప్రకారం రావలసిన వెడల్పును 4 శాతం వరకు మించవచ్చు. అంటే 185 అని రాసి ఉన్న టైరు కొలిస్తే 192 దాకా ఉన్నా అది నిబంధనకు లోబడినదే. టైరు భుజాలు, అంటే నేలను తాకే భాగమూ పక్కగోడా కలిసే మూలలు, ఒక నమూనాలో గుండ్రంగానూ మరొక నమూనాలో కోణంగానూ ఉంటాయి. వీటికి తోడు ట్రెడ్, అంటే నేలను తాకే గాళ్ల భాగం, లోతు ఉండనే ఉంది. కొత్త కారు టైరుకు దాదాపు 8 మిల్లీమీటర్ల లోతు గాళ్లు ఉంటాయి. నేను తీయించిన పాత టైర్లు 2 మిల్లీమీటర్ల దగ్గరకు వచ్చేశాయి. అంటే కొలతలో ఏ మార్పూ లేకుండానే చక్రం అంచు అన్ని వైపులా 6 మిల్లీమీటర్లు పెరిగింది. పాత టైరు అరిగిపోతూ తన చుట్టూ ఖాళీని పెంచుకుంటూ పోయింది. ఆ ఖాళీలో ఏ లోపం దాగి ఉన్నా నాకు తెలిసే అవకాశం లేకపోయింది. కొత్త టైరు వచ్చి ఆ ఖాళీని నింపేసరికి లోపం బయటపడింది.

తరువాతి పని, సరిగ్గా ఎక్కడ తగులుతున్నదో కనిపెట్టడం. కొత్త టైరు మీద తయారీ అచ్చు వదిలిన సన్నటి రబ్బరు వెంట్రుకలు ఉంటాయి కదా, అవి ఇందుకు చక్కగా పనికివచ్చాయి. మిగిలిన మూడు టైర్ల భుజాల మీదా అవి చెక్కుచెదరకుండా ఉన్నాయి. ముందు ఎడమ టైరుకు మాత్రం బయటివైపు భుజం మీద చుట్టూ ఒకే వరుసలో తెగిపోయి, ఆ చోట రబ్బరు కొద్దిగా మెరుస్తున్నది. లోపలివైపు భుజం మీద, పక్కగోడ మీద ఏ గుర్తూ లేదు. అద్దం, టార్చిలైటు పెట్టుకుని చక్రపు గూడు లోపల వెతికితే, లైనరు వెనుక భాగంలో, మడ్ ఫ్లాపుకు కొంచెం పైన అరచేయంత మేర దుమ్ము తుడిచిపెట్టుకుపోయి నల్లగా నునుపుతేరి కనిపించింది. నమ్మకం కోసం టైరు భుజానికి చుట్టూ సుద్దముక్కతో మందంగా గీత గీసి, ఖాళీ స్థలంలో కారును నడక వేగంతో కుడివైపు పూర్తిగా తిప్పి కదిలించాను. సుద్ద సరిగ్గా ఆ నునుపు చోటికే అంటుకుంది.

ఈ పరీక్షను చక్రాలు నేల మీద ఉన్నప్పుడే చేయాలి. జాకీ మీద లేపితే సస్పెన్షను కిందికి వేలాడి, టైరు గూడు నుంచి దూరమై, తగిలేది కూడా తగలనట్టే కనిపిస్తుంది. అలాగే ఒరుసుకునే ప్రతి శబ్దమూ టైరుది కాదన్నది కూడా గుర్తుంచుకోవాలి. టైర్లు మార్చినప్పుడు బ్యాలెన్సింగు కోసం రిమ్ము లోపల అతికించే లోహపు ముక్క బ్రేకు క్యాలిపరుకు (డిస్కును నొక్కిపట్టే భాగానికి) తగిలినా, డిస్కు వెనుక ఉండే పలుచటి రేకు వంగి డిస్కుకు తగిలినా శబ్దం వస్తుంది. అయితే అది లోహపు గీత శబ్దం. స్టీరింగు ఎటు ఉన్నా చక్రం తిరిగే వేగంతో పాటు వస్తుంది. టైరు ప్లాస్టిక్కుకు తగిలే శబ్దం దానికంటే మందంగా ఉంటుంది.

నునుపు చోటు దొరికిన తరువాత ఆ లైనరును నొక్కి చూస్తే ఒక మూల వదులుగా ఊగుతున్నది. దానిని పట్టి ఉంచే ప్లాస్టిక్ క్లిప్పుల్లో ఒకటి లేదు. క్లిప్పు పోతే లైనరు టైరువైపు ఉబ్బుతుంది, వేగంగా వెళ్తున్నప్పుడు గాలికి మరింతగా ఉబ్బుతుంది కాబట్టి ఇదే కారణమై ఉండవచ్చునని అనిపించింది. అదే కొలత క్లిప్పు తెచ్చి బిగించాను. శబ్దం తగ్గింది. మామూలు మలుపుల్లో దాదాపు పోయింది. కానీ పూర్తిగా తిప్పి బ్రేకు వేస్తే మళ్లీ వచ్చేది, సుద్ద మళ్లీ అంటుకునేది. చాలామంది ఈ దశలోనే ఊరుకుంటారేమో. తగ్గడం వేరు, పోవడం వేరు. క్లిప్పు బిగించిన తరువాత కుడివైపు లైనరూ ఎడమవైపు లైనరూ ఒకే స్థితిలో ఉన్నప్పుడు, కుడివైపు సుద్ద ఎక్కడా అంటకుండా ఎడమవైపు మాత్రమే అంటుతున్నదంటే వెతకవలసినది ఇంకా మిగిలి ఉన్నట్టే.

టైరులోనే తేడా ఉందేమోనన్న సందేహాన్ని తీర్చుకోవడానికి ముందు చక్రాలు రెండింటినీ అటుదిటు, ఇటుదటు మార్పించాను. టైరు మీద తిరిగే దిశ చూపే బాణం గుర్తు ఉంటే ఇలా మార్చి నడపకూడదు; నా టైర్లకు ఆ గుర్తు లేదు. మార్చిన తరువాత కూడా ఎడమవైపే తగిలింది. అంతవరకు నిర్దోషిగా ఉన్న కుడి టైరు ఎడమవైపుకు రాగానే ఒరుసుకున్నది, ఒరుసుకుంటూ ఉన్న టైరు కుడివైపుకు పోగానే ఊరుకున్నది. టైరు, రిమ్ము రెండూ దోషం కాదని ఇంత తక్కువ శ్రమతో తేల్చే పరీక్ష మరొకటి లేదని నా నమ్మకం.

ఆ తరువాత కొలతలు తీసుకున్నాను. కారును సమతలమైన నేల మీద, స్టీరింగు తిన్నగా ఉంచి నిలిపి, రిమ్ము వెనుక అంచు నుంచి చక్రపు గూడు వెనుక అంచు వరకు, రిమ్ము ముందు అంచు నుంచి గూడు ముందు అంచు వరకు, రెండు వైపులా ఒకే ఎత్తులో టేపుతో కొలిచాను. ఎడమవైపు వెనుక ఖాళీ కుడివైపు కంటే 6 మిల్లీమీటర్లు తక్కువ ఉంది; ముందు ఖాళీ సరిగ్గా అంతే ఎక్కువ ఉంది. అంటే చక్రం మొత్తం వెనక్కి జరిగి ఉంది. రేకు భాగాలను అమర్చడంలో రెండు మూడు మిల్లీమీటర్ల తేడా సహజమే కాబట్టి ఒక్క కొలతను నమ్మకుండా, ముందు చక్రం మధ్య నుంచి వెనుక చక్రం మధ్య వరకు రెండు పక్కలా దూరం కూడా కొలిచాను. అక్కడా ఎడమవైపు అంతే తక్కువ వచ్చింది. పాత రెనో 4 కారులో వెనుక టార్షన్ బార్లు (మెలితిరిగి స్ప్రింగుల్లా పనిచేసే కడ్డీలు) ఒకదాని వెనుక ఒకటి అడ్డంగా ఉండడం వల్ల ముందు, వెనుక చక్రాల మధ్య దూరంలో ఎడమ, కుడి పక్కలకు కావాలనే 4 సెంటీమీటర్లకు మించిన తేడా ఉంచారు. అటువంటి ప్రత్యేక నిర్మాణం లేని కారులో ఎడమ, కుడి దూరాలు సమానంగా ఉండాలి.

ఈ కొలతలు చేతిలో లేకముందు స్పేసర్లు వేయించమని కూడా ఒక సలహా వచ్చింది. హబ్బుకూ రిమ్ముకూ మధ్య పెట్టే ఆ లోహపు పళ్లెం చక్రాన్ని బయటికి నెడుతుంది. టైరు లోపలివైపు స్ట్రట్టుకో (చక్రం పైన నిలువుగా ఉండే షాక్ అబ్జార్బరు స్తంభానికో), స్ప్రింగు పళ్లేనికో తగులుతున్నప్పుడు దానివల్ల ప్రయోజనం ఉండవచ్చు. నా టైరు తగులుతున్నది బయటి భుజంతో, వెనుకవైపు. స్టీరింగును కుడివైపు తిప్పినప్పుడు ఎడమ చక్రపు ముందు భాగం లోపలికీ వెనుక భాగం బయటికీ తిరుగుతుంది. దానిని ఇంకా బయటికి నెడితే ఒరుసుకోవడం పెరుగుతుందే కానీ తగ్గదు. ఎక్కడ తగులుతున్నదో గుర్తు చూడకుండా ఇచ్చే సలహా, ఇచ్చినవారి ఉద్దేశం ఎంత మంచిదైనా, ఇలా ఎదురు తిరగగలదు.

కొలతల కాగితం తీసుకుని సస్పెన్షను పని బాగా తెలిసిన ఒక పెద్ద మెకానిక్కు దగ్గరకు వెళ్లాను. ఆయన కాగితం చూసి అడిగిన మొదటి ప్రశ్న, "బండి ఎడమవైపుకు లాగుతోందా?" అని. లాగుతున్నది. కొన్ని నెలలుగా స్టీరింగు వదిలితే కొద్దిగా ఎడమకు పోయేది. పాత టైర్లు ఒక పక్కగా అరగడం వల్లనే అలా లాగుతున్నదని లోగడ చూసినవారు చెప్పారు. ఆయన కారును గుంట మీదికి ఎక్కించి, చక్రాలు నేలకు ఆని ఉండగానే కింద నుంచి చూస్తూ, సీట్లో కూర్చున్న మనిషిని కారును కొద్దిగా ముందుకూ వెనక్కూ కదిలించి బ్రేకు నొక్కమన్నారు. నొక్కిన ప్రతిసారీ ఎడమ లోయర్ ఆర్మ్ వెనుక చివర బుష్షులో (గొట్టాల మధ్య రబ్బరు ఉండే కీలులో) అటూ ఇటూ జరగడం నాకు చూపించారు. గడ్డపార లాంటి ఇనుప కడ్డీని ఆర్మ్‌కూ సబ్‌ఫ్రేముకూ మధ్య పెట్టి కొద్దిగా ఎత్తేసరికి బుష్షు రబ్బరు లోపలి గొట్టం నుంచి సగం చుట్టుకు ఊడిపోయి నోరు తెరిచింది.

లోయర్ ఆర్మ్ అనేది చక్రం కింది చివరను చట్రానికి కలిపి పట్టి ఉంచే భుజం. నా కారులో దానికి రెండు బుష్షులు: ముందుది చిన్నది, చక్రం పక్కలకు జరగకుండా ఆపుతుంది, వెనుకది పెద్దది, మెత్తనిది, బ్రేకు వేసినప్పుడూ గుంతలో పడినప్పుడూ చక్రం వెనక్కి పోకుండా ఆపుతూ అదురును మింగుతుంది. ఆ వెనుక బుష్షు రబ్బరు చిరిగితే చక్రం నిలిచి ఉన్నప్పుడే కొంత వెనక్కి జరుగుతుంది, బ్రేకు వేస్తే ఇంకొంత జరుగుతుంది. బ్రేకు వేసినప్పుడు శబ్దం ఎందుకు పెరిగేదో అప్పుడు పూర్తిగా అర్థమైంది. కుడి మలుపులో కారు బరువు ఎడమవైపు వాలి సస్పెన్షను నొక్కుకోవడం కూడా దానికి తోడయ్యేది. లైనరు కోసి ఉంటే ఈ చిరుగు మరికొంత కాలం నా కంట పడేది కాదు. గట్టిగా బ్రేకు వేసినప్పుడు చక్రం దిశ మార్చుకునే కారులో నా ఇంటివాళ్లు తిరుగుతూ ఉండేవాళ్లన్న ఆలోచన ఇప్పటికీ నన్ను కలవరపెడుతుంది.

బుష్షు మార్చే పనిలో నేను దగ్గర ఉండి చూసిన ఒక విషయం వివరంగా చెప్పాలి, ఎందుకంటే దీనిని పాటించక కొత్త బుష్షులు కొద్ది కాలానికే మళ్లీ చిరిగిపోతాయని ఆయన పదే పదే చెప్పారు. ఈ రకం బుష్షులో రబ్బరు బయటి గొట్టానికీ లోపలి గొట్టానికీ అతుక్కుని ఉంటుంది. అది బేరింగులాగా తిరగదు. ఆర్మ్ పైకీ కిందికీ ఊగినప్పుడు రబ్బరే మెలితిరిగి మళ్లీ తన స్థితికి వస్తుంది. కారును జాకీ మీద లేపి ఆర్మ్ కిందికి వేలాడుతుండగా బోల్టును పూర్తిగా బిగిస్తే, ఆ వేలాడే స్థితే రబ్బరుకు సహజ స్థితి అయిపోతుంది. కారును కిందికి దించగానే రబ్బరు మెలితిరిగి, కారు నిలబడి ఉన్నంతసేపూ ఆ మెలికలోనే ఉంటుంది. అందువల్ల బోల్టులను ముందు వదులుగా పట్టించి, కారును చక్రాల మీదికి దించి, కొంచెం కిందికి నొక్కి వదిలి, బరువు చక్రాల మీద ఉన్న స్థితిలోనే టార్కు పానాతో కంపెనీ చెప్పిన మేరకు బిగించాలి. ఆయన గుంట ఉన్న చోటే ఈ పని చేయడానికి కారణం అదే. రెండు వైపులా ఒకే వయసు బుష్షులు కాబట్టి, కుడివైపు ఇంకా చిరగకపోయినా పగుళ్లు కనిపించడంతో, దానినీ మార్పించాను.

ఆర్మ్ విప్పి బిగించిన తరువాత అలైన్‌మెంటు (చక్రాల కోణాలను కొలిచి సర్దడం) తప్పనిసరి. నిజానికి టైర్లు వేసినప్పుడు చేయించిన అలైన్‌మెంటు కాగితం నా దగ్గర ఉంది. దానిలో టో (పై నుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో తిరిగి ఉన్న కోణం), క్యాంబరు (ముందు నుంచి చూస్తే చక్రం పక్కకు వాలిన కోణం) అంకెలు రెండూ పచ్చరంగులో, అంటే హద్దుల్లోనే ఉన్నాయి. క్యాస్టరు గడిలో మాత్రం ఎడమవైపు అంకె కుడివైపు కంటే సుమారు ముప్పావు డిగ్రీ తక్కువగా ఉంది. క్యాస్టరు అంటే, పక్క నుంచి చూసినప్పుడు స్టీరింగు తిప్పితే చక్రం పక్కకు తిరిగే ఇరుసు పై చివర ఎంత వెనక్కి వాలి ఉందో చెప్పే కోణం. కింది చివర వెనక్కి జరిగితే ఆ వాలు తగ్గుతుంది. క్యాస్టరు తక్కువ ఉన్న వైపుకు కారు లాగుతుంది. చాలా కార్లలో దీనిని సర్దే ఏర్పాటు ఉండదు, అందుకే సర్దలేని అంకెను చాలామంది పట్టించుకోరు. సర్దలేకపోయినా ఆ అంకె చెప్పే సంగతి అమూల్యమైనది: సర్దే వీలు లేని కోణం మారిందంటే ఏదో భాగం వంగి అయినా ఉండాలి, అరిగి అయినా ఉండాలి. ఎడమ, కుడి క్యాస్టరు మధ్య తేడా అర డిగ్రీ దాటితే కారణం అడగడం మంచిదని నా అభిప్రాయం. బుష్షులు మార్చిన తరువాత తీసిన కాగితంలో ఆ తేడా దాదాపు పోయింది. టో మాత్రం కొత్తగా సర్దవలసి వచ్చింది.

ఆ తరువాత టైరు భుజానికి మళ్లీ సుద్ద రాసి, వెనుక సీటు నిండా మనుషులను కూర్చోబెట్టి, డిక్కీలో బరువు పెట్టి, రెండు వైపులా పూర్తిగా తిప్పి, బ్రేకు వేస్తూ నడిపి చూశాను. లైనరు మీద ఎక్కడా తెలుపు కనిపించలేదు. టేపుతో కొలిస్తే రెండు వైపుల ఖాళీల మధ్య తేడా ఒక మిల్లీమీటరు లోపే ఉంది. ఒరుసుకున్న టైరును విప్పించి లోపలా బయటా పరిశీలింపజేశాను. రాపిడి ట్రెడ్ భుజం మీద, అదీ ప్లాస్టిక్కుకు తగిలినది కావడం వల్ల పైపొర మాత్రమే పోయింది. అదే రాపిడి పలుచటి పక్కగోడ మీద పడి ఉన్నా, లైనరు బదులు రేకు అంచు తగిలి దారాలు బయటపడి ఉన్నా ఆ టైరును వాడకుండా పక్కన పెట్టవలసి వచ్చేది.

లైనరును కోయడం ఎప్పుడూ తప్పని నేను అనడం లేదు. కొలతలు రెండు వైపులా సమానంగా ఉండి, బుష్షులు, స్ప్రింగులు, స్ట్రట్లు బాగుండి, క్లిప్పులన్నీ ఉండి, రెండు టైర్లూ రెండు వైపులా ఒకే విధంగా సన్నగా తగులుతుంటే, అది నిజంగా ఖాళీ చాలకపోవడమే. అప్పుడు కూడా కోయడం కంటే వేడి గాలి యంత్రంతో ప్లాస్టిక్కును మెత్తబరచి వెనక్కి నొక్కి చల్లారనివ్వడం నయం. కోసిన రంధ్రం గుండా నీరు, బురద లోపలి తీగల మీదికీ రేకు కీళ్ల మీదికీ చేరతాయి. నా లైనరు మీద నునుపుతేరిన మచ్చ అలాగే ఉంది. టైర్లు విప్పించే ప్రతిసారీ ఆ మచ్చ అంచుకు సుద్దతో గీత గీసి, అది పెరగలేదని సరిచూసుకుంటున్నాను.